రైలు బాటన ఊరి పెద్దలు: అమెరికా సబర్బన్ రైలు కూటములు

పొద్దున పెద్ద నగరానికి వెళ్లి సాయంత్రం ఇల్లు చేరే ఉద్యోగుల కోసం నడిచే రైలును అమెరికాలో కమ్యూటర్ రైలు అంటారు. హైదరాబాదులో ఎంఎంటీఎస్, ముంబయి, చెన్నైలలో లోకల్ రైళ్లు చేసే పని అదే. తేడా అంతా పూచీ ఎవరిదన్న దగ్గర ఉంది. మన దేశంలో పట్టాలు, పెట్టెలు, స్టేషన్లు చాలావరకు భారతీయ రైల్వేవే. అమెరికాలో పట్టాలు చాలాచోట్ల ప్రైవేటు గూడ్స్ రైలు కంపెనీల సొత్తు. స్టేషన్ చుట్టూ ఉన్న నేల మీద అధికారం ఆ ఊరి సిటీ కౌన్సిల్‌ది. పన్ను ప్రతిపాదించేది మన జిల్లాల వంటి కౌంటీలు, వేయనిచ్చేది ఓటర్లు. పెద్ద గ్రాంటు రావలసింది వాషింగ్టన్ నుంచి. ఇన్ని చేతులు కలిస్తే తప్ప ఒక్క రైలు కదలదు. వాటిని కలిపే భారం మేయర్లు, కౌన్సిల్ సభ్యులు, కౌంటీ కమిషనర్లు నెత్తిన వేసుకుని కట్టుకున్న వేదికలే ప్రాంతీయ రైలు కూటములు.

వీటికి ఒకే రూపం లేదు. కొన్ని తీర్మానాలు చేసి చట్టసభల చుట్టూ తిరిగే మేయర్ల బృందాలు. కొన్ని చట్టబద్ధమైన ఉమ్మడి అధికార మండళ్లు: రెండు మూడు స్థానిక ప్రభుత్వాలు తమ అధికారాల్లో కొంత భాగాన్ని ఒప్పందం మీద ఒక బోర్డుకు అప్పగించి, అందులో తమ ప్రతినిధులను కూర్చోబెడతాయి. కాలిఫోర్నియాలో కాల్‌ట్రెయిన్, వర్జీనియాలో వీఆర్‌ఈ అలా నడుస్తున్నవే. సియాటిల్ ప్రాంతంలో సౌండ్ ట్రాన్సిట్ బోర్డు కూడా ఇంచుమించు అదే పద్ధతి. 18 మంది సభ్యుల్లో 17 మంది మూడు కౌంటీల నుంచి ఎన్నికైన స్థానిక నాయకులు, మిగిలిన ఒక్కరు రాష్ట్ర రవాణా కార్యదర్శి. 1995లో అక్కడి ఓటర్లు రవాణా ప్రణాళికను తిప్పికొడితే, ఈ నాయకులే దాన్ని కుదించి, సర్ది, మరుసటి ఏడాది మళ్లీ తెచ్చి గెలిపించుకున్నారు.

ఈ కూటముల చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఊరి పెద్దలు ఒక్క మాట మీద నిలబడితే పన్నుకు ఓట్లు తేగలరు, గ్రాంటు తేగలరు, దశాబ్దాల నాటి తగాదానైనా తీర్చుకోగలరు. పట్టాల యజమానిని ఒప్పించడం మాత్రం వాళ్ల చేతిలో లేదు. ఆ చిక్కును ఏ కూటమి ఎంత ముందుగా విప్పుకుందన్న దాన్ని బట్టే చాలావరకు దాని గతి తేలింది.

ఊరి పెద్దలే ఎందుకు?

మొదటి కారణం భూమి. ఏ స్థలంలో ఇల్లు కట్టవచ్చు, ఎన్ని అంతస్తులు లేపవచ్చు, ఎక్కడ దుకాణం పెట్టవచ్చు అన్నవి అమెరికాలో ప్రధానంగా ఆ ఊరి కౌన్సిల్ తేల్చే విషయాలు. స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో అపార్టుమెంట్లు, ఆఫీసులు లేకపోతే రైలు ఖాళీగా తిరుగుతుంది. వాటికి అనుమతి ఇచ్చే సంతకం కౌన్సిల్‌దే.

గేట్ల బాధ కూడా ఊరిదే. కాల్‌ట్రెయిన్ సొంత మార్గంలో 41 చోట్ల రోడ్డు నేల మీదే పట్టాలను దాటుతుంది. పాలో ఆల్టో ఒక్క ఊళ్లోనే అలాంటివి నాలుగున్నాయి. రైళ్లు పెరిగితే గేటు పడే సార్లు పెరుగుతాయి, బడి పిల్లల సైకిళ్లు, అంబులెన్సులు ఆగుతాయి, పట్టాల పక్క ఇళ్లకు హారన్ మోత పెరుగుతుంది. గేటు తీసేసి వంతెనో అండర్‌పాసో కట్టాలంటే కోట్ల డాలర్లు కావాలి, కొందరి ఇళ్ల స్థలాలు పోవాలి. అందుకే ఒకే మేయరు ఒక సమావేశంలో రైళ్లు పెంచమని అడిగి, మరో సమావేశంలో గేట్ల సంగతి తేలేదాకా పెంచవద్దని పట్టుబట్టడం కనిపిస్తుంది. ఆ రెండు మాటలూ ఊరి తరఫునే. రెండింటిలోనూ నిజం ఉంది.

ఇక డబ్బు. ఫెడరల్ ప్రభుత్వం కొత్త రైలు మార్గాలకు గ్రాంటు ఇస్తుంది కానీ మొత్తం భరించదు. వాస్తవంలో సగానికి అటూ ఇటూగా స్థానికులు, రాష్ట్రం కలిసి చూపించాలి. ఆ వాటా ఎక్కువగా అమ్మకపు పన్ను నుంచి వస్తుంది, ఆ పన్నుకు ఓటర్ల ఆమోదం కావాలి. తమ ఊరి వీధిలో ఎదురుపడే మేయరు అడిగితే ఓటరు వినే తీరు వేరు.

కాల్‌ట్రెయిన్: మూడు కౌంటీలు, ఒకే పట్టాలు

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోసే దాకా సుమారు 50 మైళ్ల మార్గంలో 1864 జనవరి నుంచి రైళ్లు నడుస్తున్నాయి. కొద్ది ఏళ్లకే అది సదరన్ పసిఫిక్ కంపెనీ చేతికి వచ్చింది. వందేళ్లు గడిచాక కార్లు, హైవేలు పెరిగి ప్రయాణికులు తగ్గారు. నష్టం భరించలేమంటూ ఆ కంపెనీ 1977లో ఉద్యోగుల రైళ్లను ఆపేయడానికి రాష్ట్ర నియంత్రణ సంఘాన్ని అనుమతి కోరింది. స్థానికుల ఒత్తిడితో రాష్ట్ర రవాణా శాఖ 1980లో సబ్సిడీ ఒప్పందం మీద రైళ్లను నిలబెట్టింది. కాల్‌ట్రెయిన్ అన్న పేరు ఆ దశాబ్దంలోనే వచ్చింది. అయితే రాష్ట్రం ఎప్పటికీ మోసేందుకు సిద్ధంగా లేదు. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ మాటియో, శాంటా క్లారా కౌంటీలు కలిసి పూనుకోక తప్పలేదు.

1991లో ఆ మూడు కౌంటీల ఉమ్మడి అధికార మండలి ఏర్పడింది. ఒక్కో కౌంటీకి మూడు చొప్పున తొమ్మిది కుర్చీలు. వాటిలో కూర్చునేది ఎక్కువగా కౌంటీ బోర్డుకు ఎన్నికైన సూపర్‌వైజర్లు, మేయర్లు, కౌన్సిల్ సభ్యులు. అదే ఏడాది డిసెంబరులో మండలి సదరన్ పసిఫిక్ నుంచి మార్గాన్నే కొనేసింది. ధర 21 కోట్ల 20 లక్షల డాలర్లు. రాష్ట్ర బాండ్ల సొమ్ము కొంత, స్థానిక వాటా కొంత. మిగతా రెండు కౌంటీల వాటాను అప్పటికి శాన్ మాటియో రవాణా సంస్థ సామ్‌ట్రాన్స్ తన నిధి నుంచి సర్దింది. ఆ కొనుగోలు ఈ కూటమి చేసిన పనులన్నిటిలో గొప్పది. గూడ్స్ రైళ్లు నడిపే హక్కు కంపెనీకి మిగిలింది. నేల, పట్టాలు మాత్రం ప్రజలవయ్యాయి. ముప్పై ఏళ్ల తరువాత పట్టాల మీద కరెంటు తీగలు లాగగలగడానికి మూలం ఇదే.

అయితే అప్పటికి శాశ్వత ఆదాయం లేదు. టికెట్ల డబ్బుకు తోడు మూడు కౌంటీల సంస్థలు ఏటేటా ఇచ్చే చందాలే ఆధారం. ఒక భాగస్వామి చేయి ముడుచుకుంటే మిగతావారూ ఆ మేరకు తగ్గించేవారు. సర్దిన సొమ్ముకు బదులుగా నిర్వహణ సామ్‌ట్రాన్స్ చేతిలోనే ఉండడం మరో తగాదా. మీ ఉద్యోగులే మా రైలును నడుపుతున్నారని ఒకరు, మా డబ్బుతోనే కదా నిలబడిందని మరొకరు.

2010–11లో ఆ బలహీనత బయటపడింది. మూడు కోట్ల డాలర్ల లోటు పడి, రోజుకు 86గా ఉన్న రైళ్లను 48కి కుదించాలనే ప్రతిపాదన వచ్చింది. పాలో ఆల్టో మాజీ మేయర్ యోరికో కిషిమోటో వంటి స్థానిక నాయకులు, పౌరులు కలిసి 'ఫ్రెండ్స్ ఆఫ్ కాల్‌ట్రెయిన్' అనే బృందాన్ని నిలబెట్టారు. కౌన్సిల్ సభ్యులు, కంపెనీల ప్రతినిధులు, రోజూ రైలెక్కే ఉద్యోగులు ఒకే వేదిక మీదికి వచ్చారు. చివరికి అక్కడా ఇక్కడా నిధులు సర్ది కోతను తప్పించారు.

అదే కాలంలో మరో గాలి వీచింది. 2008లో కాలిఫోర్నియా ఓటర్లు హైస్పీడ్ రైలుకు 995 కోట్ల డాలర్ల బాండ్లు ఆమోదించారు. ఆ రైలు ఈ మార్గం మీదుగానే శాన్ ఫ్రాన్సిస్కో చేరాలన్నది ప్రణాళిక. అంటే రెండు పట్టాల చోట నాలుగు, ఊళ్ల నడుమ ఎత్తయిన కట్టడాలు. పాలో ఆల్టో, మెన్లో పార్క్, ఆథర్టన్, బెల్మాంట్, బర్లింగేమ్ 2009లో 'పెనిన్సులా సిటీస్ కన్సార్షియం'గా ఏర్పడి తమ అభ్యంతరాలను ఒకే గొంతుతో చెప్పాయి. రైలు కావాలన్న ఊళ్లే ఈ రైలు ఇలా వద్దన్నాయి. 2011లో కాంగ్రెస్ సభ్యురాలు అన్నా ఎషూ, రాష్ట్ర సెనేటర్ జో సిమిటియన్, అసెంబ్లీ సభ్యుడు రిచ్ గోర్డన్ మధ్యేమార్గం చూపించారు: హైస్పీడ్ రైలు, కాల్‌ట్రెయిన్ చాలావరకు ఉన్న రెండు పట్టాలనే పంచుకోవాలి, ఆ సొమ్ములో కొంతతో కాల్‌ట్రెయిన్‌కు కరెంటు పెట్టాలి. 2012లో నగరాలు, కౌంటీల సంస్థలు, ప్రాంతీయ సంఘం, హైస్పీడ్ రైలు అథారిటీ ఒప్పందం రాసుకున్నాయి. అభ్యంతరం చెప్పిన ఊళ్ల ఐక్యతే డీజిల్ రైలును కరెంటు రైలుగా మార్చే డబ్బుకు దారి తీసింది. ఈ ఫలితం అప్పట్లో చాలామంది ఊహించనిది.

మార్గం మీది ప్రతి నగరం నుంచి ఒక ఎన్నికైన ప్రతినిధి కూర్చునే 'లోకల్ పాలసీ మేకర్ గ్రూప్' కూడా ఈ ఒప్పందాల కాలంలోనే రూపు దిద్దుకుంది. దానికి నిర్ణయాధికారం లేదు. గేట్లు, చెట్ల నరికివేత, స్తంభాలు పాతే చోట్లు, రాత్రి పని వల్ల వచ్చే చప్పుడు వంటివి అక్కడ చర్చకు వస్తాయి. పెద్ద బోర్డులో కుర్చీ లేని చిన్న ఊరికి అంతకు మించిన వేదిక దొరకదు.

ఇలాంటి సమావేశాల తీరు చెప్పుకోదగ్గది. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలి, అజెండా ముందే ప్రకటించాలి, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాల వ్యవధి. సైకిల్ పెట్టుకునే చోటు చాలడం లేదని ఒకరు, రాత్రి చివరి రైలు తొందరగా వెళ్లిపోతోందని హోటల్ ఉద్యోగి ఒకరు. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ, శాన్ హోసేలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఈ స్టేషన్ల పక్కనే ఉంటున్నాయి. ఈ తలుపు వాళ్లకూ తెరిచే ఉంది.

ఒక లోపం కూడా ఇక్కడే ఉంది. ఈ ప్రాంతపు అనేక చిన్న నగరాల్లో మేయర్ పదవి ఏటా కౌన్సిల్ సభ్యుల మధ్య మారుతూ ఉంటుంది. ఒకరు రైల్వే ఇంజినీరింగ్ భాష వంటబట్టించుకునేలోగా పదవి మారిపోతుంది. అందువల్ల కూటమికి జ్ఞాపకశక్తి అంటూ ఉంటే అది ఏళ్ల తరబడి పట్టు వదలని ఇద్దరు ముగ్గురు సభ్యులలోనూ, ఉద్యోగులలోనూ ఉంటుంది. నాలుగైదేళ్లు పట్టే పనికి ఏడాది పదవుల వాళ్లు ఓటు వేయడం ఈ పద్ధతిలో అసలు కష్టం.

కరెంటు పనికి 64 కోట్ల 70 లక్షల డాలర్ల ఫెడరల్ గ్రాంటు 2017 ఫిబ్రవరిలో సంతకం దగ్గర ఆగింది. కాలిఫోర్నియాకు చెందిన రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యులు వద్దని లేఖ రాశారు. రవాణా మంత్రి ఎలేన్ చావ్ నిర్ణయాన్ని వాయిదా వేశారు. స్థానిక మేయర్లు, వ్యాపార సంఘాలు వాషింగ్టన్‌కు వెళ్లి గట్టిగా పట్టుబట్టారు. కొత్త రైలు పెట్టెలు యూటాలోని సాల్ట్ లేక్ సిటీలో తయారవుతాయి, ఉద్యోగాలు ఇతర రాష్ట్రాలకూ వస్తాయి అన్నది వాళ్ల వాదనల్లో బలమైనది. మే నెలలో సంతకం పడింది.

తరువాతి పరీక్ష 2020. కోవిడ్‌కు ముందు పని రోజుల్లో అరవై వేల మందికి పైగా ఎక్కే రైలు దాదాపు ఖాళీ అయింది. టికెట్ల మీదే ఎక్కువగా బతికే సంస్థకు అది ప్రాణాంతకం. శాశ్వత నిధి కోసం 0.125 శాతం అమ్మకపు పన్నును ఓటర్ల ముందు పెట్టాలంటే మూడు కౌంటీల సూపర్‌వైజర్ల బోర్డులు, మూడు రవాణా సంస్థలు, మండలి కలిపి ఏడు సంస్థలు ఒప్పుకోవాలి. జులైలో శాన్ ఫ్రాన్సిస్కో సూపర్‌వైజర్లు అడ్డం తిరిగారు. మా ఓటర్లు పన్ను కట్టే రైలు పెత్తనం సామ్‌ట్రాన్స్ చేతిలో ఎందుకుండాలన్నది వాళ్ల ప్రశ్న. ముప్పై ఏళ్ల పాత తగాదా సరిగ్గా రైలు ఆగిపోయే వేళ పైకి వచ్చింది. గడువు దగ్గరపడ్డాక, ఆగస్టు మొదటి వారంలో రాజీ కుదిరింది: పన్ను ప్రతిపాదన బ్యాలట్ ఎక్కుతుంది, నిర్వహణ పద్ధతిని మారుస్తారు. నవంబరులో మూడింట రెండు వంతుల ఓట్లు కావలసి ఉండగా 69 శాతానికి పైగా వచ్చాయి. 2022లో కాల్‌ట్రెయిన్‌కు విడిగా కార్యనిర్వాహక డైరెక్టర్ కుర్చీ ఏర్పడింది.

అదే 2020 డిసెంబరులో ఆథర్టన్ స్టేషన్ మూతపడింది. కరెంటు పనికి వ్యతిరేకంగా కోర్టుకు వెళ్లి ఓడిన చిన్న సంపన్న పట్టణం అది. పనిరోజుల్లో అక్కడ రైలు ఆగడం 2005లోనే మానేశారు. స్టేషన్ మూతకు టౌన్ కౌన్సిలే అంగీకరించింది. చుట్టూ ఇళ్లు పెంచడానికి ఊరు ఒప్పుకోకపోతే స్టేషన్‌కు ప్రయాణికులు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్నకు ఆథర్టన్ చరిత్రే జవాబు.

244 కోట్ల డాలర్ల ఖర్చుతో కరెంటు రైళ్లు 2024 ఆగస్టులో మొదలై సెప్టెంబరు 21 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తున్నాయి. అన్ని స్టేషన్లలో ఆగే రైలుకు నూరు నిమిషాలు పట్టే ప్రయాణం డెబ్భై అయిదుకు తగ్గింది. వారాంతాల్లో గంటకొకటి వచ్చే రైలు అరగంటకొకటి వస్తోంది. ప్రయాణికులు పెరిగారు, లోటు మాత్రం పూడలేదు. అందుకే 2025లో చేసిన రాష్ట్ర చట్టం 2026 నవంబరులో ప్రాంతీయ పన్ను మీద మళ్లీ ఓటు అడిగేందుకు వీలు కల్పించింది.

వర్జీనియా: ఎక్కేవాడి ఊరే లెక్క

వాషింగ్టన్ నగరానికి దక్షిణాన ఉన్న ఊళ్ల కూటమి పాతది. ఉత్తర వర్జీనియా రవాణా సంఘం 1964లో, పొటోమాక్–రాపహానక్ రవాణా సంఘం 1986లో ఏర్పడ్డాయి. రెండింటి ఉమ్మడి ఆస్తి వర్జీనియా రైల్వే ఎక్స్‌ప్రెస్. 1992 జూన్‌లో మనాసస్ వైపు, జులైలో ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు రైళ్లు మొదలయ్యాయి. దాని ఆపరేషన్స్ బోర్డులో కౌంటీ సూపర్‌వైజర్లు, నగర కౌన్సిల్ సభ్యులు కూర్చుంటారు.

ఈ కూటమి నుంచి నేర్చుకోదగ్గది వాటాల లెక్క. ప్రయాణికులను సర్వే చేసి, ఎవరు ఏ కౌంటీలో నివసిస్తున్నారో తేల్చి, ఆ నిష్పత్తిలో సబ్సిడీ పంచుతారు. స్టేషన్ ఎక్కడుందన్నది కాదు, ఎక్కేవాడు ఎక్కడి నుంచి వచ్చాడన్నది కొలత. దీనివల్ల పక్క కౌంటీ స్టేషన్‌లో కారు పెట్టి రైలెక్కేవాళ్ల సంగతి దాచడానికి వీల్లేదు. స్పాట్‌సిల్వేనియా కౌంటీ చాలా ఏళ్లు బయటే ఉండిపోయింది. అక్కడివారు పొరుగున ఫ్రెడరిక్స్‌బర్గ్ స్టేషన్‌లో రైలెక్కేవారు. 2010లో ఆ కౌంటీ కూటమిలో చేరింది, ఇంధనం మీద ప్రాంతీయ పన్నుకు ఒప్పుకుంది. 2015లో దానికి సొంత స్టేషన్ వచ్చింది. చేరితే ఏం ఇవ్వాలి, ఏం వస్తుంది అన్నది ఇంత స్పష్టంగా రాసిపెట్టుకున్న కూటమి మరొకటి అరుదు.

చిక్కు మాత్రం పట్టాలదే. వీఆర్‌ఈకి సొంత మార్గం లేదు. సీఎస్‌ఎక్స్, నార్‌ఫోక్ సదరన్ అనే గూడ్స్ కంపెనీల దారుల్లో, వాళ్లు ఇచ్చిన వేళల్లోనే చాలాకాలం నడవవలసి వచ్చింది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం తమ మీద పడకుండా భారీ బీమా చూపించమని ఆ కంపెనీలు షరతు పెట్టేవి. కొన్ని కౌంటీల చిన్న బడ్జెట్లకు అది మోయలేని బరువు. పొటోమాక్ నది మీది రెండు పట్టాల లాంగ్ బ్రిడ్జ్ 1904 నాటిది. గూడ్స్, దూరప్రాంత రైళ్లు, వీఆర్‌ఈ అన్నీ దాని మీదే దాటాలి. అందుకే రైళ్లు పెంచమని ఊళ్లు ఎంత అడిగినా జవాబు లేకపోయింది. కౌంటీల శక్తికి మించిన ఆ పని చివరికి రాష్ట్రం చేసింది. 2019 డిసెంబరులో గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ సీఎస్‌ఎక్స్‌తో 370 కోట్ల డాలర్ల ప్రణాళిక ప్రకటించారు: పట్టాలు, వాటి స్థలం కొంత రాష్ట్రం కొనుక్కోవడం, నది మీద పక్కనే మరో వంతెన కట్టడం. వంతెనకు శంకుస్థాపన 2024లో జరిగింది. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఆ వంతెన ఊసు చచ్చిపోకుండా కాపాడింది మాత్రం ఆ రెండు సంఘాలలోని స్థానిక సభ్యులే.

మిన్నెసోటా: సగంలో ఆగిన దారి

మినియాపొలిస్ నుంచి వాయవ్యంగా సెయింట్ క్లౌడ్ వరకు రైలు కావాలని 1997లో ముప్పైకి పైగా కౌంటీలు, నగరాలు, టౌన్‌షిప్‌లు కలిసి నార్త్‌స్టార్ కారిడార్ అభివృద్ధి మండలిగా ఏర్పడ్డాయి. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం కౌంటీలు ప్రాంతీయ రైలు అథారిటీలుగా ఏర్పడి ఆస్తి పన్ను వేసుకోవచ్చు. కౌంటీ కమిషనర్లే ఆ అథారిటీ సభ్యులు కూడా. రాష్ట్ర శాసనసభలో ఏళ్ల తరబడి తలుపులు తట్టి, గవర్నర్లు మారినా వదలకుండా 2007 డిసెంబరుకు ఫెడరల్ గ్రాంటు సాధించారు.

కానీ ఖర్చుకు తగ్గ ప్రయాణికుల సంఖ్య చూపాలన్న ఫెడరల్ కొలతకు సెయింట్ క్లౌడ్ దాకా మార్గం అందలేదు. 40 మైళ్ల దగ్గర, బిగ్ లేక్ అనే చిన్న ఊళ్లో ఆపేశారు. 2009 నవంబరు 16న రైలు మొదలైంది. ఖర్చు సుమారు 32 కోట్ల డాలర్లు. పట్టాలు బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే గూడ్స్ కంపెనీవి కాబట్టి రోజుకు ఇన్నే రైళ్లని పరిమితి. చేరవలసిన పట్టణం చేరకపోవడం, పొద్దున సాయంత్రం తప్ప పెద్దగా రైళ్లు లేకపోవడం మొదటి రోజు నుంచీ దాన్ని పట్టి లాగాయి. 2019లో 7 లక్షల 60 వేలకు పైగా ప్రయాణాలు నమోదైతే, ఇంటి నుంచి పని అలవాటైన తరువాతి ఏళ్లలో అందులో ఐదో వంతు కూడా రాలేదు. రైలు కోసం ముందు నిలిచిన అనోకా కౌంటీయే చివరికి ఖర్చు భరించలేమంది. 2026 జనవరి మొదటి వారంతో రైలు ఆగిపోయి బస్సులు వచ్చాయి. ఇందులో కమిషనర్ల అలసత్వం లేదు. సగం దారికి ఒప్పుకోవడమా, అసలు దారే వదులుకోవడమా అన్న చోట వాళ్లు సగం ఎంచుకున్నారు. మిగతా సగం తరువాత వస్తుందని నమ్మారు.

టెక్సస్: ఒక్క లేఖ

ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల మధ్య ఐ–35 హైవే రద్దీ తెలియని టెక్సస్ తెలుగువారు ఉండరు. జార్జ్‌టౌన్ నుంచి శాన్ ఆంటోనియో దాకా 118 మైళ్ల రైలు కోసం అక్కడి నగరాలు, కౌంటీలు 1997 నాటి రాష్ట్ర చట్టం ఆధారంగా ఒక ఉమ్మడి రైలు సంస్థను ఏర్పరచుకున్నాయి. తరువాత దానికి లోన్ స్టార్ రైల్ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. పట్టాల యజమాని యూనియన్ పసిఫిక్ గూడ్స్ రైళ్లకు తూర్పున కొత్త దారి కట్టించి, పాత దారిని ఉద్యోగుల రైలుకు వాడుకోవాలన్నది ఆలోచన. స్టేషన్ల చుట్టూ భూమి విలువ పెరిగినప్పుడు అదనంగా వచ్చే ఆస్తి పన్నులో కొంత రైలుకు ఇస్తామని ఆస్టిన్, శాన్ మార్కస్ కౌన్సిళ్లు ముందే మాట ఇచ్చాయి. నిధుల ఆలోచనగా అది చాలా పకడ్బందీ పని.

2016 ఫిబ్రవరిలో యూనియన్ పసిఫిక్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు లేఖ పంపింది. ఆగస్టుకు ఆస్టిన్ ప్రాంత ప్రణాళికా సంఘం ఆ పథకాన్నే తన జాబితా నుంచి తీసేసింది. రైలు ఒక్క అడుగు కూడా కదలలేదు. ఇటీవల ట్రావిస్ కౌంటీ జడ్జ్ ఆండీ బ్రౌన్, బెక్సర్ కౌంటీ జడ్జ్ పీటర్ సకాయ్ మళ్లీ ఆ ఊసు ఎత్తారు. టెక్సస్‌లో కౌంటీ జడ్జ్ అంటే కౌంటీ పాలనకు అధిపతి.

డెన్వర్: గెలిచిన ఓటు, రాని రైలు

కొలరాడోలో రవాణా సంస్థ ఆర్‌టీడీకి పదిహేను మంది డైరెక్టర్లను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. మేయర్లకు అందులో కుర్చీలు లేవు. అందుకే 1993లో పుట్టిన మెట్రో మేయర్స్ కాకస్‌కు అంత ప్రాముఖ్యం వచ్చింది. 1997లో రైలు పన్ను ప్రతిపాదన ఓడిపోయింది. ఏ ఊరికి ఏ మార్గం వస్తుందో మేయర్లు కూర్చుని తేల్చుకున్నాక, 2004లో 'ఫాస్‌ట్రాక్స్' పేరుతో మళ్లీ ఓటు వచ్చింది. డెన్వర్ మేయర్ జాన్ హికెన్‌లూపర్ సహా చుట్టుపక్కల మేయర్లు ఒక్కటిగా ప్రచారం చేశారు. గవర్నర్ బిల్ ఓవెన్స్ వ్యతిరేకించినా 58 శాతం మంది అవునన్నారు. ఆర్‌టీడీ అమ్మకపు పన్ను 0.6 నుంచి 1 శాతానికి పెరిగింది. 470 కోట్ల డాలర్లతో 122 మైళ్ల రైలు అన్నది వాగ్దానం.

ఉక్కు, సిమెంటు ధరలు పెరిగాయి. 2008 మాంద్యంలో పన్ను రాబడి పడిపోయింది. విమానాశ్రయం మార్గం 2016 ఏప్రిల్‌లో వచ్చింది, మరికొన్ని తరువాత వచ్చాయి. బౌల్డర్ మీదుగా లాంగ్‌మాంట్‌కు 41 మైళ్లు వెళ్లవలసిన వాయవ్య మార్గంలో మాత్రం వెస్ట్‌మిన్‌స్టర్ దాకా ఆరు మైళ్లే నడుస్తోంది. మిగతా దారి బీఎన్‌ఎస్‌ఎఫ్‌ది. దాన్ని పంచుకునే ఖర్చు అంచనాలు దాటిపోయింది. ఆ మార్గం ఊళ్లు 'యూఎస్ 36 మేయర్స్ అండ్ కమిషనర్స్ కోయలిషన్'గా కలిసి ఒక కష్టమైన నిర్ణయం తీసుకున్నాయి: రైలు మీద హక్కు వదలకుండానే, ముందుగా హైవే మీద ప్రత్యేక వరుసల్లో వేగపు బస్సులు తెప్పించుకోవడం. 2016 జనవరిలో వచ్చిన ఫ్లాటిరన్ ఫ్లైయర్ బస్సు ఆ కూటమి సాధించినదే. బౌల్డర్‌కు అది కొంత ఊరట. ఆ హైవే మీద లేని లాంగ్‌మాంట్‌కు ఆ ఊరటా అంతంత మాత్రమే. పన్ను భారం మాత్రం అందరితో సమానం.

2021లో రాష్ట్రం వయోమింగ్ సరిహద్దు నుంచి న్యూ మెక్సికో సరిహద్దు దాకా ఫ్రంట్ రేంజ్ ప్యాసింజర్ రైల్ డిస్ట్రిక్ట్‌ను ఏర్పరిచింది. దాని బోర్డులో ప్రాంతీయ ప్రణాళికా సంఘాలు పంపే స్థానిక నాయకులకు చోటుంది. 2024 చట్టం డెన్వర్ నుంచి బౌల్డర్, లాంగ్‌మాంట్‌ల మీదుగా ఫోర్ట్ కాలిన్స్ వరకు 2029 జనవరి నాటికి తొలి రైళ్లు నడపాలని గడువు పెట్టింది. దారి అదే బీఎన్‌ఎస్‌ఎఫ్‌ది. 2004 నుంచి తమ ఊళ్లు కట్టిన పన్నులో మిగిలిన సొమ్మును ఈ మార్గానికే కేటాయించాలని లాంగ్‌మాంట్, బౌల్డర్ ప్రతినిధులు ఆర్‌టీడీని అడుగుతున్నారు.